నీళ్లకు చెప్పిన మాట

టొరంటో
మే 6

ప్రియమైన వెర్నాకి,

మీ దగ్గర సరస్సు మీద మంచు ఇప్పుడే విరుగుతోందని రాశావు. ఇక్కడ కరిగి నెల దాటింది. ఈసారి జూన్ మొదటి వారానికే మా వేసవి ఇంటికి వచ్చేస్తాం. పడవ ఇంజను గురించి రాస్ రోజూ ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. రిటైరైన మొగుడికి పడవే రెండో పెళ్లాం.

ఒక మంచి కబురు. మా ఒడ్డు ఇళ్ల సంఘానికి ఈ ఏడు యాభై నిండుతుంది. వేడుకను మీ పెద్దమ్మ ఫిలొమీన్ గారి ప్రార్థనతో, మీ భాషలోనే మొదలుపెట్టాలని కమిటీలో ప్రతిపాదించాను. ఇన్నేళ్లలో ఎదురొడ్డున రిజర్వ్‌లో ఉన్న మీవాళ్లను ఒక్కసారైనా పిలిచామా అని లేచి అడిగాను. చివరికి ఒప్పుకున్నారు. ఈ సరస్సూ ఈ ఒడ్డూ ఇక్కడి ఆదివాసులైన మీ అనిషినాబేలవనీ, మేము ఇక్కడ అతిథులమనీ నేను రాసిన ప్రకటన కూడా చదువుతారు. ‘అతిథులు’ అన్న మాట తీసేయమని ఇద్దరు పట్టుబట్టారు. నేను వదల్లేదు.

మీ పెద్దలను ఏదైనా అడిగేటప్పుడు ఇవ్వాల్సిన పొగాకు కొని, నువ్వు చెప్పినట్టే ఎర్రగుడ్డలో మూటకట్టి ఉంచాను. నేనే స్వయంగా వెళ్లి అడుగుతాను. నువ్వు మధ్యలో శ్రమపడొద్దు. మన బడిలో పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ నువ్వు నాకు నేర్పినవన్నీ ఇప్పుడు అక్కరకొస్తున్నాయి.

నీ
గ్లెండా


విల్లో నారోస్ రిజర్వ్
జూన్ 12

ప్రియమైన గ్లెండా,

నువ్వు వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే చెప్పింది.

“నీ టీచరమ్మ పొగాకు తెచ్చిందే. సరస్సు బాగుండాలని నాలుగు మాటలు చెప్పాలట. సరేనన్నాను.”

తర్వాత, మైకు పెడతారా అని అడిగింది. పెడతారన్నాను. ఎందుకూ, నేను మాట్లాడేది నీళ్లతో కదా, వాటికి చెవుడేం లేదే అంది. టీ ఇస్తారా అన్నది రెండో అనుమానం. మునుపోసారి పట్నం చర్చివాళ్లు ఏదో సభకు పిలిచి బిస్కెట్లు లెక్కపెట్టి ఇచ్చారట.

ఆమె నవ్విస్తుంది కానీ ఇది ఆమెకు చిన్న విషయం కాదు. చిన్నప్పుడు సన్యాసినుల బోర్డింగ్ బడిలో ఈ భాషలో ప్రార్థన చేసినందుకు ఆమె నోట్లో సబ్బు కుక్కారు. అప్పటినుంచీ తెల్లవాళ్ల ముందు ఈ భాషలో ప్రార్థించలేదు. బిషప్ వచ్చినప్పుడు కూడా గొంతు బాగాలేదని తప్పించుకుంది. నువ్వు అడిగావు కాబట్టి ఒప్పుకుంది.

ఒక మాట గుర్తుపెట్టుకో. పొగాకు ఇచ్చేముందు అడగదలచుకున్నదంతా నోటితో చెప్పాలి. తీసుకున్నవాళ్లు విన్నదానికే కట్టుబడతారు. చెప్పనిది ఆ మూటలో ఉండదు. నువ్వు చెప్పే ఉంటావు, అయినా రాస్తున్నాను.

ఇంకొకటి. పెట్రోలు బంకు దగ్గర ఎవరో అన్నారు, మీ సంఘం దక్షిణపు వంపులో కలుపు కోయించబోతోందని. దక్షిణపు వంపులో కలుపు లేదు. మా మనోమిన్ ఉంది, నీళ్లలో పెరిగే అడవి వరి. నువ్వు తిన్న నివ్వరి అన్నం అక్కడి గింజదే. ఆనకట్ట కట్టి పాత నివ్వరంతా ముంచేశాక, మా తాత ఉత్తరాన చుట్టాల దగ్గర విత్తనం అడిగి తెచ్చి ఆ వంపులో చల్లాడు. మళ్లీ పంటకొచ్చేసరికి ఆయనకు మనవలు పుట్టారు. ఈ ఊరికి చలికాలం తిండి అక్కడిదే. ఇప్పుడు ఆకులు నీళ్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ఒక్క పడవ వేగంగా పోయినా ఆ అలకు వేళ్లతో సహా లేచి వచ్చేస్తాయి.

ఏ కలుపు? రాస్‌ని అడిగి రాయి.

వెర్నా


హర్లీ సరస్సు, పడమటి ఒడ్డు
జూలై 9

ప్రియమైన వెర్నా,

నువ్వు కూడా వేడుకకు వచ్చుంటే ఎంత బాగుండేది. బడి పిల్లలతో పర్యటన ఆ రోజే పడాలా?

ఫిలొమీన్ గారు నీళ్ల అంచున నిలబడి మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కళ్లు తడిశాయి. నా పక్కన ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. సంఘం అధ్యక్షుడు లైల్ బాబ్‌కాక్, రిటైరైన దంతవైద్యుడు, చాలా బిగుసుకుని ఉండే మనిషి, ఆయన కూడా టోపీ తీసి పట్టుకున్నాడు. టీ ఇచ్చాం. బిస్కెట్లు లెక్కపెట్టలేదు, పెద్దమ్మకు చెప్పు. ఇంటికి తీసుకెళ్లమని ఒక డబ్బా నిండా కట్టిచ్చాను.

అందరూ ఇప్పుడు మీ గురించి అడుగుతున్నారు. పుస్తకాలు చెప్పమంటున్నారు. సెప్టెంబరు ముప్పైన బోర్డింగ్ బడుల పిల్లల స్మరణకు నారింజ చొక్కాలు వేసుకుని పట్నంలో నడవడానికి పన్నెండు మంది పేర్లిచ్చారు. గోడ బీటలు వారిందనిపిస్తోంది.

కలుపు సంగతి రాస్ చూసుకుంటున్నాడు, నేను తల దూర్చడం లేదు. పడవలు తిరగడానికి ఏవో దారులు తీయడమే అనుకుంటా. నువ్వు కంగారుపడకు. నేను ఎప్పుడూ మీ పక్షమేనని నీకు తెలుసు.

ప్రేమతో
గ్లెండా


విల్లో నారోస్ రిజర్వ్
ఆగస్టు 4

గ్లెండా,

మున్సిపల్ హాలులో కోత మీద విచారణలో జరిగింది నువ్వూ చూశావు. ముందు వరసలో రాస్ పక్కన కూర్చున్నావు. నారింజ బిళ్ల పెట్టుకున్నావు. అయినా నేను కూర్చున్న చోటునుంచి ఏం కనిపించిందో రాస్తాను.

ప్రభుత్వం నుంచి వచ్చిన అధికారి, ఈ కోతకు ఎదురొడ్డువాళ్ల అభ్యంతరం ఏమైనా ఉందా అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. నాకంటే ముందు మీ బాబ్‌కాక్ లేచాడు.

“అభ్యంతరం లేదండి. వాళ్ల పెద్దావిడ ఫిలొమీన్ గారిని గౌరవంగా, వాళ్ల పద్ధతిలోనే అడిగాం. పొగాకు సమర్పించాం, ఆవిడ స్వీకరించారు. వాళ్ల సంప్రదాయంలో స్వీకరించడమంటే సమ్మతి. ఆ తర్వాత నీళ్ల దగ్గర ఆశీర్వదించారు కూడా. వందమంది సాక్షులున్నారు.”

అధికారి రాసుకున్నాడు. ఇంత చక్కగా సంప్రదించిన సంఘాన్ని తాను చూడలేదన్నాడు.

పెద్దమ్మ నా పక్కనే ఉంది. తన పేరు వినబడగానే నా మోచెయ్యి పట్టుకుని వాడేమంటున్నాడే అని మా భాషలో అడిగింది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ఆమె నా మోచెయ్యి వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. అంతే.

నేను లేచి, ఆమెను అడిగింది ప్రార్థనకే, ఆమె ఒప్పుకున్నదీ దానికే తప్ప కోతకు కాదని చెప్పబోయాను. మీ పక్షం అభిప్రాయం ఇప్పటికే నమోదైంది అన్నాడు అధికారి. ఫిలొమీన్ గారే ఇక్కడున్నారు, ఆమెనే అడగండి అన్నాను. ఇప్పుడు ఆమెను ఇబ్బంది పెట్టడం మర్యాద కాదేమో అన్నాడు బాబ్‌కాక్. ఎంత మర్యాదస్తుడు.

నువ్వు నేలకేసి చూస్తున్నావు.

సోమవారం యంత్రం వచ్చింది. బల్లకట్టు మీద రంపపు కత్తులు. బుధవారానికి సగం వంపు పోయింది. గింజ పాలుపోసుకుంటున్న సమయం. పచ్చికంకులు మా ఒడ్డుకు కొట్టుకొచ్చి గుట్టలుగా కుళ్లుతున్నాయి. ఆ వాసన ఇంట్లో కూర్చున్నా వస్తోంది. మిగతా సగానికి ఆగస్టు చివర్లో ఇంకో విచారణ ఉందట.

ఒక్కటే అడుగుతున్నాను. పొగాకు సంగతి దంతవైద్యుడికి ఎవరు చెప్పారు?

ఫోన్ చేయకు. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, అప్పుడు నేను నిన్ను ఊరడించాల్సి వస్తుంది. కాగితం మీద రాయి.

వెర్నా


హర్లీ సరస్సు, పడమటి ఒడ్డు
ఆగస్టు 11

వెర్నా,

నీ ఉత్తరం చదివాక నాకు రెండు రోజులు నిద్ర లేదు. ఏడ్చానని రాయకూడదేమో, కానీ ఏడ్చాను.

పొగాకు సంగతి నేనే చెప్పాను. చెడ్డ ఉద్దేశంతో కాదు. ఎర్రగుడ్డ చూసి రాస్ అడిగితే దాని అర్థం వివరించాను. అయితే సంతకం లాంటిదన్నమాట అన్నాడు. అంతకంటే గొప్పది అన్నాను. గర్వంగా చెప్పాను, మీ ఆచారం గురించి. అతను దాన్ని బాబ్‌కాక్ దగ్గర ఇలా వాడతాడని నేనెలా ఊహిస్తాను?

హాలులో నేను లేవలేకపోయాను. ఒప్పుకుంటున్నాను. అందరూ తెలిసినవాళ్లు, రాస్ చెయ్యి నా మోకాలి మీద ఉంది. యంత్రం నడిచిన మూడు రోజులూ కిటికీలు మూసుకుని వంటింట్లో కూర్చున్నాను. చప్పుడు ఆగలేదు.

అయినా నీ ఉత్తరంలో ఉన్న మనిషిని నేను కాదు. మీ నీళ్ల కోసం జరిగిన ప్రతి ఊరేగింపులో నడిచాను. బోర్డింగ్ బడుల మీద మన బడి పిల్లలకు పాఠం పెట్టాలని పోరాడాను. దానికోసం ప్రిన్సిపాల్‌తో మాటలు పడింది నీ కళ్లముందే కదా. నాలాంటివాళ్లను కూడా దూరం చేసుకుంటే మీకు మిగిలేదెవరు?

నేనేం చేయాలో చెప్పు. చేస్తాను. పెద్దమ్మ కాళ్ల మీద పడమంటే పడతాను.

గ్లెండా


విల్లో నారోస్ రిజర్వ్
ఆగస్టు 16

గ్లెండా,

మీకు మిగిలేదెవరు అని అడిగావు. నువ్వు రాకముందు ఎవరున్నారో వాళ్లే.

నేనేం చేయాలో చెప్పు అని కూడా అడిగావు. ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నాను. ఎలా కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడాలి, పొగాకు ఏ చేత్తో ఇవ్వాలి. చెప్పిందంతా ఏమైందో ఇప్పుడు మా ఒడ్డున కుళ్లుతోంది. మీ తాతలు మా ఆచారాన్ని నేరం చేశారు. మీరు దాన్ని నేర్చుకుని మా మీదే వాడారు. సబ్బు కుక్కడమే నయం. అప్పుడు కనీసం ఏం జరుగుతోందో ఆమెకు తెలిసింది.

ఇక్కడేం జరుగుతోందో రాస్తాను. కొట్టు దగ్గర నా పినతల్లి కొడుకు డెల్బర్ట్ అందరి ముందూ అన్నాడు, “అక్కా, ఈసారి నీ స్నేహితురాలికి ఏం నేర్పుతున్నావు? ఇంటి తాళాలు ఎక్కడ పెడతామో కూడా చెప్పెయ్యి.” ఎవరూ వాణ్ణి వారించలేదు. నేనైనా వారించేదాన్ని కాదు. ఇరవై ఏళ్లుగా మా ఊళ్లో నీకు హామీగా నిలబడ్డది నేను. ఆమె మంచిది, ఆమె వేరు అని. ఆ మాటకు ఇప్పుడు నేను జవాబు చెప్పుకుంటున్నాను.

పెద్దమ్మ తిండి సరిగా తినడం లేదు. నిన్న రాత్రి నేనే అడిగాను, ఆ రోజు నీళ్ల దగ్గర ఏం చెప్పావని. మీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు తుడుచుకున్నారు చూడు, ఆ మాటలు ఇవి:

“వీళ్లు మా పొరుగువాళ్లు. ఇన్నాళ్లకు నిన్ను పలకరించడానికి వచ్చారు. నీ మేలు కోరి వచ్చామంటున్నారు. వీళ్లను నమ్ము.”

అది చెప్పి ఆమె ఇంకో మాట అంది.

“నన్ను మోసం చేస్తే నేను ఓర్చుకుంటానే. అలవాటే. నా చేత నీళ్లకి అబద్ధం చెప్పించారు.”

నువ్వు కాళ్ల మీద పడనక్కర్లేదు. ఆమె కాళ్లకు ఇప్పటికే నొప్పులు.

విచారణ ఆగస్టు ఇరవై తొమ్మిదిన. పెద్దమ్మ రాదు. తన పేరు పలికిన గదిలోకి మళ్లీ అడుగుపెట్టనంది. మా కౌన్సిల్ తరఫున ఇద్దరు వస్తారు. వాళ్ల మాట మీ అధికారి వింటాడో లేదో తెలియదు. ఆ మూట ఇచ్చినప్పుడు మా వంటగదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు రారు.

వెర్నా


హర్లీ సరస్సు, పడమటి ఒడ్డు
సెప్టెంబరు 1

వెర్నా,

మీ కౌన్సిల్‌వాళ్లు నీకు చెప్పే ఉంటారు. అయినా నేను చెప్పాల్సింది నేను చెబుతాను.

వెళ్లాను. స్వీకరించడమంటే సమ్మతి అన్న అదే వాక్యం బాబ్‌కాక్ మళ్లీ చదివాడు. అతను కూర్చోకముందే లేచాను. ఆ వాక్యం నేను రాసిందని చెప్పాను. అవును, నీకు రాయని సంగతి అదే. నేను రాస్‌తో నోటిమాటగా చెప్పి ఊరుకోలేదు. దరఖాస్తులో మీ ఆచారం గురించి గౌరవంగా ఒక వాక్యం రాసిపెట్టమని బాబ్‌కాక్ అడిగితే కూర్చుని రాశాను. రెండుసార్లు దిద్దాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

బాబ్‌కాక్ నా వైపు తిరిగి, “గ్లెండా, కూర్చో. నీకు ఒంట్లో బాగాలేదు” అన్నాడు. బాగానే ఉందన్నాను.

అధికారి అడిగాడు, “ఫిలొమీన్ గారిని మీరు ఏమని అడిగారు?”

“సరస్సు బాగుండాలని ప్రార్థించమన్నాను.”

“కోత గురించి చెప్పారా?”

“లేదు.”

“అప్పటికి మీకు తెలియదా?”

వెర్నా, ఆ క్షణంలో తెలియదని చెప్పడం ఎంత తేలికో నీకు చెప్పలేను. నీకు కూడా ఇన్నాళ్లూ అలాగే రాశాను. “తెలుసు” అన్నాను. మే నెలలో ప్రార్థన గురించి మాట్లాడిన సమావేశంలోనే దాని తర్వాతి అంశం కోత. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆవిడ వంటగదిలో టీ తాగుతూ చెబుదామనుకున్నాను. చెబితే పొగాకు తీసుకోదని తెలుసు. తీసుకోకపోతే వేడుకలో నేను తెచ్చిన ప్రార్థన ఉండదు. అందుకే చెప్పలేదు. కోత కోసం కాదు. ఆ వేదిక మీద నా పక్కన ఆవిడ నిలబడాలని.

వెనకనుంచి ఒకావిడ, ఇంతకాలం మన మధ్య కూర్చుని పాఠాలు చెప్పింది ఈవిడేనా అంది. రాస్ లేచి వెళ్లిపోయాడు. కారు కూడా తీసుకెళ్లాడు. ఇంటికి నడిచి వచ్చాను. అతను ఇప్పుడు టొరంటోలో ఉన్నాడు.

రెండో కోత ఆపేశారు. మీ కౌన్సిల్‌తో నేరుగా మాట్లాడకుండా ఏదీ జరగదని రాశారు. మొదటి కోత మాత్రం చెల్లుతుందట. వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెడతామని బాబ్‌కాక్ మెట్ల మీదే అన్నాడు.

పట్నం పత్రిక అమ్మాయి ఫోన్ చేసింది. నాదీ ఫిలొమీన్ గారిదీ కలిపి ఒక ఫొటో కావాలంటోంది. ఏం చెప్పమంటావు? ఇప్పటికైనా పెద్దమ్మ నన్ను క్షమిస్తుందా?

గ్లెండా


విల్లో నారోస్ రిజర్వ్
సెప్టెంబరు 19

గ్లెండా,

నువ్వు నిజం చెప్పావు. సగం వంపు మిగిలింది. ఈ రెండూ జరిగినవే కాబట్టి రాస్తున్నాను. థాంక్స్ చెప్పడం లేదు. దొంగ సొమ్ములో సగం తిరిగిచ్చినవాళ్లకు ఎవరూ దండ వేయరు.

పత్రిక దండ వేసిందిలే. చూశాను. ఫొటో లేకుండానే వేశారు. నీ పేరు నాలుగుసార్లు, ‘సాహసం’ రెండుసార్లు. పెద్దమ్మ పేరు ఒక్కసారి, అదీ తప్పుగా. సగం వంపు పోయిందన్న మాట ఎక్కడా లేదు.

నివ్వరి కోతల కాలం వచ్చింది. పడవలు సిద్ధం చేసుకుని, కంకులు దులిపే కర్రలు కొత్తవి చెక్కుకుని, ఎప్పటిలాగే పెద్దమ్మ మాట కోసం అందరం ఆగాం. ఆమె డెల్బర్ట్ పడవలో వంపంతా తిరిగి చూసింది. కోసిన వైపు నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున ఇసుక కనిపిస్తోంది. మిగిలిన వైపు గింజ బాగా ముదిరింది. నల్లగా, బరువుగా వంగి ఉంది. ఒక కంకి తుంపి చేతిలో నలిపి చూసి, ఒడ్డుకొచ్చి చెప్పింది.

“ఈ ఏడు ఎవరూ పడవ దించొద్దు. ఒక్క గింజ కూడా మనది కాదు. అంతా నీళ్లలోనే రాలనివ్వండి. కోసిన వైపుకి అలలే చేరుస్తాయి.”

చలికాలం ఏం తినాలి అని ఎవరో అడిగారు. కొట్లో దొరికేది తినండి, నేను బడిలో ఇంతకంటే అధ్వాన్నం తిన్నాను, చచ్చానా అంది.

కాబట్టి ఈ ఏడు ఈ ఊరికి నివ్వరి లేదు. మా తరగతి పిల్లలు మొదటిసారి పడవ ఎక్కాల్సింది. ఎక్కలేదు. ఒడ్డున కూర్చోబెట్టి, గింజలు నీళ్లలో పడుతుంటే విన్నాం. బాతులు మేస్తుంటే చూశాం. ఎందుకు ఎక్కడం లేదని ఒక పాప అడిగింది. ఏం జరిగిందో చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను. నువ్వూ మా బడిలోనే పనిచేశావు, పిల్లలకు తెలియాలి.

నీ ప్రశ్న పెద్దమ్మకు చదివి వినిపించాను. “మోసపోయింది నేనొక్కదాన్నే అయితే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. నాది కానిది నేనెలా క్షమిస్తాను?” అంది.

నా సంగతి అడగలేదు నువ్వు. చెబుతాను. నాకు కోపం తగ్గలేదు. నువ్వు నిజం చెప్పిన రోజు ఇంకాస్త పెరిగింది. చెప్పగలిగిన మనిషివి జూన్ నెలలోనే చెప్పి ఉండొచ్చని అప్పుడు రుజువైంది. ఆ వంటగదిలో ఒక్క వాక్యం. పెద్దమ్మ పొగాకు తీసుకునేది కాదు, నీకు వేదిక దక్కేది కాదు, మేము అన్నం తినేవాళ్లం.

ముప్పయ్యో తేదీన ఊరేగింపుకు మా ఊరివాళ్లు రారు. మీరు నడవండి. మా ఒడ్డుకు మాత్రం ఎవర్నీ తీసుకురావద్దు. నువ్వు కూడా రావద్దు.

ఈ చలికాలం నువ్వు అక్కడే ఒంటరిగా ఉంటావని విన్నాను. అయితే ఒక పని ఉంది. కోసిన వైపు నీ కిటికీ కిందే. అక్కడ మొలిచేది మాకు ఇక్కడినుంచి కనిపించదు. జూన్‌లో ఆకులు నీళ్ల మీదికి వచ్చే వేళ రోజూ చూడు. మొలిస్తే ఎక్కడ, ఎన్ని అన్నది రాయి. మొలవకపోతే మొలవలేదని రాయి. బాధపడ్డానని రాయకు, ఆశగా ఉందని రాయకు. కనిపించింది రాసి, కింద నీ పేరు పెట్టు. దాన్ని పెద్దమ్మ నీళ్ల దగ్గరికి తీసుకెళ్తుంది. ఈసారి వాటికి నిజం చెప్పాలి.

వెర్నా